కాలనీలో ఇళ్లన్నీ ఫ్లాట్లవుతున్నాయి: అభ్యంతరం చెప్పే హక్కు మాకు ఎంతవరకు ఉంది?

ప్రశ్న – హబ్సిగూడ నివాసి

అందరికీ నమస్కారం. మాది హబ్సిగూడ వైపు నలభై ఏళ్ల నాటి కాలనీ. పరిశోధన సంస్థల్లోనూ విశ్వవిద్యాలయంలోనూ ఉద్యోగాలు చేసినవారు 200 నుంచి 400 గజాల స్థలాలు కొనుక్కుని, ముందు నాలుగు పూలమొక్కలు, వెనక ఒక మామిడో సపోటానో ఉండేలా కట్టుకున్న ఇళ్లు ఇవి. మా వీధిలో ఉన్న 14 ఇళ్లలో ఐదింటిని గత మూడేళ్లలో పడగొట్టి ఫ్లాట్లు కట్టారు. ఆరోది మా పక్కిల్లే, ఇప్పుడు పని నడుస్తోంది.

స్టిల్ట్ (కింద పార్కింగు కోసం స్తంభాల మీద వదిలే అంతస్తు) మీద రెండంతస్తులకే పర్మిషన్ ఉందని మున్సిపల్ కార్యాలయంలో చెప్పారు. కానీ నాలుగో స్లాబుకు సెంట్రింగు కొట్టడం నేను కళ్లారా చూస్తున్నాను. టేపు పెట్టి కొలిస్తే వాళ్ల గోడకూ మా ప్రహరీకీ మధ్య మూడడుగులు కూడా లేదు. మా వంటింట్లో ఉదయం పదకొండు గంటలకు లైటు వేయనిదే బియ్యంలో రాయి కనబడటం లేదు. పద్నాలుగు కుటుంబాల కోసం వేసిన మురుగు లైనే ఇప్పుడు యాభై కుటుంబాలకు దిక్కు కావడంతో, మూలమలుపులోని మ్యాన్‌హోల్ రోజూ ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా పొంగుతోంది. సర్కిల్ కార్యాలయంలో రెండుసార్లు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఎవరూ వచ్చి చూడలేదు.

చండీగఢ్‌లో ఇలా ఇళ్లను ఫ్లాట్లుగా మార్చడాన్ని సుప్రీంకోర్టే ఆపిందని విన్నాను. మన కాలనీల్లోనూ అలా ఆపించే వీలుందా? ‘రేపు మనమూ బిల్డరుకు ఇవ్వాల్సిన వాళ్లమే, ఊరుకుందాం’ అంటున్న మా సంఘం సభ్యులకు నేనేమని చెప్పాలి?

సమాధానం 1 – టౌన్ ప్లానింగ్‌లో పనిచేసి విరమించిన వ్యక్తి

మీరు విన్నది నిజమే గానీ, ఆ తీర్పు మీకు నేరుగా అక్కరకు రాదు. చండీగఢ్‌లో మొదటి దశ సెక్టార్లు, అంటే 1 నుంచి 30 వరకు, ఒక ఇంటికి ఒక కుటుంబం అన్న లెక్కన తక్కువ జనాభా కోసం రూపొందినవి. అక్కడ 2001లో తెచ్చిన అపార్ట్‌మెంట్ నిబంధనలను జనం వ్యతిరేకించడంతో 2007లో రద్దు చేశారు. ఆ తర్వాత కూడా ఇంటిలో సగమనీ ముప్పై శాతమనీ వాటాలు అమ్ముతూ, ఒక్కో వాటాకు ఒక్కో అంతస్తు అప్పగించే పద్ధతి నడిచింది. నివాసుల సంఘం వేసిన కేసులో 2023 జనవరి 10న సుప్రీంకోర్టు దానికి అడ్డుకట్ట వేసింది. ఆ నగరానికి వారసత్వ విలువ ఉండటం, ఫ్లాట్లను అనుమతించే నిబంధనే రద్దయి ఉండటం ఆ తీర్పుకు బలమైన పునాదులు.

హైదరాబాదులో ఆ పునాది లేదు. మన మాస్టర్ ప్లానులో నివాస ప్రాంతమంటే విడి ఇళ్లు మాత్రమే అని అర్థం కాదు, అపార్ట్‌మెంట్లు కూడా అందులోకే వస్తాయి. కాబట్టి ‘ఫ్లాట్లు వద్దు’ అని రాసిన ఫిర్యాదును పక్కన పడేయడం ఏ అధికారికైనా చాలా తేలిక. ‘ప్లానుకు మించి కడుతున్నారు’ అని కొలతలతో రాసిన ఫిర్యాదును పక్కన పెట్టాలంటే మాత్రం అతను కారణం చూపాలి.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. భవన నిర్మాణ నిబంధనలున్న 2012 నాటి ప్రభుత్వ ఉత్తర్వు, జీవో 168 ప్రకారం, వదలాల్సిన ఖాళీ జాగా స్థలం విస్తీర్ణాన్ని బట్టే కాక కట్టడం ఎత్తును బట్టి కూడా పెరుగుతుంది. తక్కువ ఎత్తుకు ప్లాను తీసుకుని పైన అదనంగా అంతస్తులు లేపడంలో ఉన్న అసలు కిటుకు అదే. అంత ఎత్తుకు నిజాయతీగా దరఖాస్తు చేసి ఉంటే మీ వంటింటి వైపు ఇంకా ఎక్కువ జాగా వదలాల్సి వచ్చేది. అందువల్ల మీ ఫిర్యాదులో అంతస్తుల సంగతినీ ఖాళీ జాగా సంగతినీ విడదీయకుండా ఒకే ఉల్లంఘనగా చూపండి. సమాచార హక్కు చట్టం కింద మంజూరైన ప్లాను నకలు అడగండి. ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వాలి. అప్పటిదాకా ఆగకుండా ప్రతి స్లాబుకూ తేదీ కనబడేలా ఫోటో తీసి ఉంచండి.

బిల్డర్లకు ఇంత ధైర్యం ఎక్కడిదంటే, 2007 చివర్లో బీపీఎస్, 2015లో బీఆర్ఎస్ అంటూ వచ్చిన, రుసుము కట్టించుకుని అక్రమ కట్టడాలను సక్రమం చేసే క్రమబద్ధీకరణ పథకాల నుంచే వచ్చిందని నా అభిప్రాయం. మళ్లీ ఇంకొకటి రాకపోతుందా అన్న ఆశతోనే ఆ పై స్లాబులు పడుతున్నాయి.

సమాధానం 2 – ఇంటిని డెవలప్‌మెంటుకు ఇచ్చిన గృహిణి

నేను అవతలి పక్షం మనిషిని. మా వారు పోయాక ఐదేళ్లు ఒక్కదాన్నే 300 గజాల ఇంట్లో ఉన్నాను. పిల్లలిద్దరూ అమెరికాలో. వర్షం పడితే పైకప్పు నుంచి పెచ్చులూడేవి, రాత్రి గేటు చప్పుడైతే మళ్లీ నిద్ర పట్టేది కాదు. చెరి సగం వాటా అని బిల్డరు వచ్చినప్పుడు ఒప్పుకోవడం నా అవసరం. దాన్ని అత్యాశ అంటే నాకు బాధేస్తుంది.

అయితే ఒక తప్పు నాదే. ఒప్పందంతో పాటు, నా తరఫున వ్యవహారాలు నడిపే అధికారం వాళ్లకిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద కూడా సంతకం పెట్టి, ఇక అంతా వాళ్లే చూసుకుంటారని వదిలేశాను. మంజూరైన ప్లానుకు మించి ఒక్క అంతస్తు కూడా వేయరాదని అందులో ఒక వాక్యం రాయించాల్సింది. మా వారు నాటిన బంగినపల్లి చెట్టును ఒక ఆదివారం పొద్దున్నే కొట్టేశారు. నేను వెళ్లేసరికి వేరు దగ్గర పొట్టు మాత్రం ఉంది. మీ సంఘంవాళ్లు పనులు మొదలయ్యాక గొడవపడే బదులు, ఇల్లు ఇవ్వాలనుకునేవారి దగ్గరికి సంతకానికి ముందే వెళ్లి కూర్చోండి. నా దగ్గరికి ఎవరైనా అలా వచ్చి ఉంటే వినేదాన్ని.

సమాధానం 3 – న్యాయవాది

పక్కింటివారికి మాట్లాడే హక్కు లేదని ఎవరన్నా నమ్మకండి. ఉడుపిలో కల్యాణ మంటపం, ఉపన్యాస మందిరం పేరిట అనుమతి తీసుకున్న కట్టడాన్ని సినిమాహాలుగా మార్చినప్పుడు ఆ ప్రాంత నివాసి ఒకరు కోర్టుకెక్కారు. నిబంధనలకు విరుద్ధమైన కట్టడం చుట్టుపక్కలవారి ఆస్తి అనుభవానికి భంగమని, చట్టాన్ని అమలుచేసే బాధ్యత పురపాలక సంఘానిదని 1974లోనే సుప్రీంకోర్టు ఆ కేసులో చెప్పింది.

ఇటీవలిది 2024 డిసెంబరు 17 నాటి తీర్పు. మీరఠ్‌లో నివాస స్థలంలో దుకాణాలు కట్టిన వ్యవహారంలో వచ్చిన ఈ తీర్పు దేశమంతటికీ వర్తించే ఆదేశాలిచ్చింది. నిర్మాణం జరుగుతున్నంత కాలం ఆమోదిత ప్లానును స్థలంలో ప్రదర్శించాలి. పూర్తయినట్టు లేదా నివాసయోగ్యమైనట్టు ధ్రువపత్రం చూశాకే కరెంటు, నీరు, మురుగు కనెక్షన్లు ఇవ్వాలి. బ్యాంకులు కూడా దాన్ని పరిశీలించాకే ఆ కట్టడం మీద అప్పు మంజూరు చేయాలి. కాబట్టి మీ ఫిర్యాదు ప్రతిని విద్యుత్ పంపిణీ సంస్థకూ, నీరు, మురుగు చూసే జలమండలికీ రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. కనెక్షను ఆగితే బిల్డరు తానే మీ దగ్గరికి వస్తాడు.

మీ వంటింటి వెలుతురు గురించి మరొక మాట. ఆ కిటికీ గుండా ఇరవై ఏళ్లకు పైగా అడ్డూ ఆటంకం లేకుండా వెలుతురు వస్తోందని రుజువు చేయగలిగితే, 1882 నాటి ఈజ్‌మెంట్ల (పక్క స్థలం మీదుగా వెలుతురు, దారి లాంటివి పొందే హక్కుల) చట్టం కింద సివిల్ కోర్టులో విడిగా దావా వేయవచ్చు. నష్టం గణనీయమైనదని చూపాల్సి ఉంటుంది. పాత ఫోటోలు, మీ ఇంటి అసలు ప్లాను వెతికి పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. నేను ఇంతకాలం ఫిర్యాదుల్లో ‘కాలనీ వాతావరణం చెడిపోతోంది’ అని రాస్తూ వచ్చాను, ఒక్క కొలతైనా రాయలేదు. సోమవారం అధికారులు నేరుగా ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో టేపు కొలతలు, నాలుగు స్లాబుల ఫోటోలు జతచేసి కొత్తగా ఇస్తాను. సమాచార హక్కు దరఖాస్తు కూడా అదే రోజు వేస్తాను.

అమ్మా, మీ మాట నన్ను ఆలోచనలో పడేసింది. పక్కిల్లు ఇచ్చిన మాస్టారు పుణెలో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఆయన ఇల్లు ఖాళీ చేసిన రోజు నేను వెళ్లి పలకరించలేదు. ఈ రాత్రి ఫోన్ చేసి, పైన పడుతున్న స్లాబుల సంగతి ఆయనకు తెలుసో లేదో ముందుగా అడుగుతాను.