ఇంద్రజాల్ కామిక్స్ బైండు విప్పించవచ్చా? ఫాంటమ్ సినిమా ముందా, పుస్తకం ముందా?

ప్రశ్న: విజయవాడ పాఠకుడు

సభ్యులందరికీ నమస్కారం. మా మేనమామ గారు రైల్వే ఉద్యోగంలో ఉన్న రోజుల్లో కొని దాచుకున్న ఇంద్రజాల్ కామిక్స్ (ఫాంటమ్, మాండ్రేక్ లాంటి వీరుల బొమ్మల కథల పుస్తకాలు) ఈ మధ్య నా చేతికి వచ్చాయి. అన్నీ ఇంగ్లీషు సంచికలే. ఎక్కువ భాగం 1970ల నాటివి. ఆయన వాటిని విడివిడిగా ఉంచకుండా, కొన్నేసి సంచికలను కలిపి గట్టి అట్టలతో బైండు చేయించారు. బైండు చేసిన వ్యక్తి మడత దగ్గర కాకుండా పక్క నుంచి కుట్టు వేయడంతో పుస్తకం పూర్తిగా తెరుచుకోదు. ఎడమ పేజీలో చివరి బొమ్మ పక్కనున్న మాటలు సగం కుట్టులోకి పోయాయి. పాత పిన్నులను కూడా తీయకుండానే కుట్టారు కాబట్టి, తుప్పు మరక ఒక పేజీ నుంచి మరో పేజీకి పాకుతూ వచ్చింది. ముఖచిత్రాలు మాత్రం లోపల భద్రంగానే ఉన్నాయి.

వీటిని విప్పించి, విడి సంచికలుగా చేయించడం మంచిదేనా? రెండో సందేహం మా అబ్బాయి గురించి. వాడు ఈ కాలపు సూపర్‌హీరో సినిమాలన్నీ చూశాడు కానీ, అడవిలో ఉండే ముసుగు వీరుడు ఫాంటమ్, ఇంద్రజాలికుడు మాండ్రేక్ పేర్లు వాడికి తెలియవు. 1996 నాటి ఫాంటమ్ సినిమా ముందు చూపించాలా, పుస్తకాలు ముందు చేతికివ్వాలా? అనుభవం ఉన్న పెద్దలు చెప్పగలరు.

జవాబు 1: ఆబిడ్స్ ఆదివారం

నమస్కారమండి. ముఖచిత్రాలతో సహా బైండులో మిగిలి ఉన్నాయంటే మీరు అదృష్టవంతులే. అద్దె పుస్తకాల షాపుల నుంచి వచ్చిన బైండుల్లో చాలావాటికి ముఖచిత్రాలు ఉండవు. ఉన్నా వాటి మీద షాపు ముద్రలు, అద్దె లెక్కలు కనిపిస్తాయి. బి. గోవింద్ గారు రంగుల్లో వేసిన ఆ అట్టబొమ్మల కోసమే ఇంద్రజాల్ సేకరించేవారు నాకు తెలిసినవాళ్లలోనే ఎందరో ఉన్నారు. ఇంద్రజాల్‌లోనే వచ్చిన భారతీయ వీరుడు బహదూర్ కథలకు బొమ్మలు గీసిన గోవింద్ బ్రహ్మణియా ఆయనే.

అయినా విప్పించే ముందు ఒక విషయం చూసుకోవాలి. బైండు చేసేటప్పుడు మూడు వైపులా అంచులు కత్తిరిస్తారు. ఆ పోయిన అంచు ఎంత విప్పినా తిరిగి రాదు. కాబట్టి విడదీసినంత మాత్రాన అవి కొత్త సంచికల్లా అయిపోవు, వాటి ధరా పెద్దగా పెరగదు. వీపు మీద జిగురు దట్టంగా పూసి ఉంటే, లాగినప్పుడు ముఖచిత్రం మడత దగ్గర చిరిగే ప్రమాదం కూడా ఉంది. మాటలు కనపడక చదవడం కుదరని పుస్తకాలను మాత్రమే, అదీ పాత గ్రంథాల మరమ్మతు తెలిసిన మనిషి చేతనే విప్పించండి. మిగతావాటిని అలాగే ఉంచండి. మీ మేనమామ గారు ఏ సంచిక పక్కన ఏ సంచికను పెట్టుకున్నారో ఆ వరుసకు కూడా ఒక విలువ ఉంది. ఒకవేళ విప్పిస్తే ఆ వరుసను ముందుగా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

విప్పినవాటి నుంచి తుప్పు పట్టిన పిన్నులను తీసేయించండి. వాటి బదులు మడత మీద నూలు దారంతో రెండు కుట్లు వేయిస్తే చాలు. చిరుగులకు సెల్లోటేపు వేయవద్దు. కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది, దాని జిగురు మాత్రం గోధుమరంగు చారగా కాగితంలో ఉండిపోతుంది. లామినేషన్ మాట అసలు తలపెట్టవద్దు. ఈ కాగితం న్యూస్‌ప్రింట్ రకం, దానిలోనే ఆమ్లం ఉంటుంది. ఎండ తగిలినా చెమ్మ తగిలినా త్వరగా పసుపెక్కి పెళుసుబారుతుంది. మీది కృష్ణ ఒడ్డు ఊరు కాబట్టి వానాకాలంలో బీరువా గోడకు ఆనకుండా చూడండి. కలరా ఉండలు వేస్తే అవి కాగితానికి నేరుగా తగలకూడదు. మామూలు పీవీసీ కవర్లు అట్ట రంగును పట్టుకుంటాయి. పాలిప్రొపిలీన్ లేదా పాలిస్టర్ కవర్లు, వాటిలో వెనుక ఆమ్లం లేని అట్టముక్క, ఇవి నయం.

జవాబు 2: పుర్రె గుహ

నేను మీ రెండో ప్రశ్న గురించి రాస్తాను. 1996 సినిమాను చాలామంది తీసిపారేస్తారు, ఆ రోజుల్లో అది ఆడలేదు కూడా. కానీ ఫాంటమ్ కథల రచయిత లీ ఫాక్ సృష్టిని గౌరవించి తీసిన సినిమా అది, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. సైమన్ విన్సర్ దర్శకత్వంలో బిల్లీ జేన్ ఫాంటమ్‌గా నటించాడు. కథను ఈ కాలానికి లాగకుండా 1930లలోనే నిలిపారు. ఊదారంగు దుస్తులను చూసి సిగ్గుపడి నల్లటి తోలుకవచంగా మార్చలేదు. గుర్రం, తోడేలు, పుర్రె ఉంగరం అన్నీ తమ చోట్ల తాము ఉన్నాయి. కథలో సముద్రపు దొంగల ముఠా, ఆడ విమాన చోదకుల దళం 1936లో ఫాంటమ్ మొదలైన తొలి రోజుల కథల నుంచి వచ్చినవే. ఒక్క తేడా నాకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బొమ్మల్లో ముసుగు వెనుక ఫాంటమ్ కళ్లు ఎప్పుడూ కనపడవు, రెండు తెల్లటి ఖాళీలే ఉంటాయి. సినిమాలో నటుడి కళ్లు కనపడతాయి. దాంతో ఆ మనిషి దగ్గరివాడు అవుతాడు కానీ, చావులేనివాడన్న నమ్మకం (తండ్రి తర్వాత కొడుకు అదే ముసుగు వేసుకోవడంతో జనంలో పుట్టినది) కొంత తగ్గుతుంది.

అందుకని నా సలహా పుస్తకమే ముందు. ఫాంటమ్ అసలు దినపత్రికలో రోజుకు మూడు నాలుగు గళ్లుగా వచ్చిన కథ. ప్రతి రోజూ చివరి గడిలో పాఠకుణ్ణి రేపటి దాకా ఆపగలిగే ఒక మలుపు ఉండాలి. ఇంద్రజాల్ వారు ఆ గళ్లను కత్తిరించి, తగ్గించి, పుస్తకం పేజీల్లోకి సర్దారు. ఆ ఊపును కాగితం మీద రుచి చూసినవాడికి సినిమాలో పరుగు ఎందుకు ఉందో సులువుగా అర్థమవుతుంది. అబ్బాయికి ముందుగా ఒక మాట చెప్పి పెట్టండి: ఇంద్రజాల్ సంచికల్లో ఫాంటమ్ ఉండే బెంగాలీ అడవి పేరును డెంకాలి అనీ, సింగ్ దొంగలను సింగా దొంగలనీ మార్చారు. సినిమాలో బెంగల్లా, సెంగ్ అన్న పేర్లు వినపడతాయి. ఇది చెప్పకపోతే రెండు వేర్వేరు కథలని అనుకుంటాడు.

జవాబు 3: మోంగో గ్రహం

పై సభ్యులతో ఒక్క విషయంలో నేను ఏకీభవించలేను. ఈ కాలపు పిల్లవాడికి ముందు పుస్తకం ఇస్తే, రంగులు వెలిసిన పాత కాగితం చూసి పక్కన పెట్టేసే అవకాశం ఉంది. మా ఇంట్లో పిల్లలకు 1994లో మొదలైన ఫాంటమ్ 2040 కార్టూన్ ముందు చూపించాను. అందులో 24వ ఫాంటమ్ భవిష్యత్తు నగరంలో ఉంటాడు. ఇతనికి ముందు ఉన్నవాళ్లు ఎవరన్న ప్రశ్న వాళ్లకే పుట్టింది. అప్పుడు 21వ ఫాంటమ్ కథలు చేతికిస్తే కూర్చుని చదివారు. తెర మీద పుట్టిన కుతూహలం కాగితం దగ్గరికి తీసుకువస్తే తప్పేముంది?

ఇంకా పాతవాటి మీద ఆసక్తి కలిగితే 1943లో కొలంబియా సంస్థ తీసిన 15 భాగాల ఫాంటమ్ సీరియల్ ఉంది, అందులో టామ్ టైలర్ నటించాడు. మీ బైండుల్లో అంతరిక్ష వీరుడు ఫ్లాష్ గోర్డన్ కథలు దొరికితే మాత్రం 1980 నాటి ఆ సినిమాను తప్పక చూపించండి. క్వీన్ బృందం సంగీతంతో, అలెక్స్ రేమండ్ గీసిన రంగుల లోకాన్ని ఏ మొహమాటమూ లేకుండా తెర మీద పరిచారు. జార్జ్ లూకాస్ మొదట ఫ్లాష్ గోర్డన్ హక్కుల కోసమే ప్రయత్నించి, అవి దొరకకనే స్టార్ వార్స్ రాసుకున్నాడు. ఈ మాట చెప్పగానే ఏ పిల్లవాడైనా పాత సంచిక వైపు మరోసారి చూస్తాడు.

ప్రశ్న అడిగినవారు: విజయవాడ పాఠకుడు

అందరికీ ధన్యవాదాలు. చదవడానికి వీలుకాని పుస్తకాలను మాత్రమే విప్పిస్తాను. ఒక చిన్న సందేహం మిగిలింది. వరుసలో కొన్ని అంకెలు లేవు. వాటి కోసం లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో వెతకాలనుకుంటున్నాను. కొనేటప్పుడు ఏం చూడాలి?

జవాబు 4: ఆబిడ్స్ ఆదివారం

ముందుగా 123, 124 అంకెల కోసం వెతకవద్దు. సమ్మె కారణంగా ఆ రెండు సంచికలు వెలువడనే లేదు. 1964 మార్చిలో మొదలై 1990లో ఆగేదాకా మొత్తం 803 సంచికలు వచ్చాయి. మరో సంగతి, 1980లలో వరుస అంకె పోయి సంపుటి, సంచిక పద్ధతి వచ్చింది. ఆ కాలం నాటివాటి మీద చిన్న అంకె చూసి తొలి సంచిక అని చెప్పే అమ్మకందారు మాట నమ్మవద్దు. అట్ట తిప్పి దాని లోపలి వైపు చూడండి. లోపలి పేజీలన్నీ గోధుమరంగుకు తిరిగి, అట్ట లోపలి వైపు మాత్రం తెల్లగా ఉంటే, అది ఈ మధ్య రంగుల జిరాక్సు తీసి అతికించింది అయివుండవచ్చు. నడిమి పేజీ తెరిచి, పిన్నుల చుట్టూ ఉన్న తుప్పు, అట్ట మీది తుప్పు ఒకే చోట ఉన్నాయో లేదో పోల్చండి. పేజీలు లెక్కపెట్టకుండా డబ్బు ఇవ్వకండి. లేని అంకెల జాబితా ఇక్కడ పెట్టండి, నా దగ్గర రెండేసి ఉన్నవాటిని మార్చుకుందాం.