బరోక్ కచేరీ విన్నాక కీబోర్డు వదలబుద్ధి కావడంలేదు

ప్రశ్న (కడప): బెంగళూరులో బరోక్ (పాతకాలపు యూరప్ సంగీతం) కచేరీ విన్నా. హార్ప్సికార్డ్ (పియానో లాంటి పాత కీబోర్డు వాయిద్యం) వాయించే ఆయన ముందున్న కాగితంలో ఎడమచేతి స్వరాలు, వాటికింద అంకెలు, అంతే! కుడిచేత్తో అప్పటికప్పుడు అల్లేస్తుండాడు. నేనూ అట్ల వాయించాలంటే యాడ మొదలుపెట్టాలన్నా?

జవాబు (అనంతపురం): దాన్ని ఫిగర్డ్ బాస్ అంటారు తమ్ముడూ. 6 అని ఉంటే కింది స్వరం నుంచి ఆరోది, రాయకపోయినా మూడోదీ కలపాల. పాకెల్బెల్ అనే బరోక్ స్వరకర్త రాసిన 'కానన్' అనే రచనతో మొదలుపెట్టు. ఎడమచేత్తో స ప ద గ మ స మ ప తిప్పుతుండు, కుడిచేత్తో గ రి స ని ద ప ద ని. శంకరాభరణం స్వరాలే. అది కుదిరినాక మధ్యలో నీ సొంతవి చేర్చుకో.

జవాబు (కర్నూలు): వేలు తప్పినా లయ ఆపొద్దు, అదే ముఖ్యం.

కడప: వాయించినాన్నా! చివరి ప మీద స నొక్కిపెట్టి, ఆలస్యంగా నికి దిగితే ఎంత బాగుందో!

అనంతపురం: ఆ దిగడాన్నే 4 3 అని రాస్తారు. ప నుంచి స నాలుగోది, ని మూడోది కదా.