హాల్లో కోడిపిల్లలు, బుడ్డోడికి దగ్గు. ఏం చేయాల?

అనంతపురం_నాటుకోడి:
అన్నా, 30 నాటు కోడిపిల్లలు తెచ్చి 12 రోజులైంది, బయట చలి, పిల్లుల బాధ వేరే, అందుకని హాల్లోనే మూలకు అట్టలు కట్టి కింద శెనక్కాయ పొట్టు పరిచి బల్బు ఏలాడదీసి కిటికీలన్నీ మూసేసినా. ఇప్పుడు మా బుడ్డోడికి (ఆరేళ్లు, ముందునుంచి ఆయాసం ఉండాది) రాత్రయితే దగ్గు ఆగట్లేదు, ఇంకోపక్క రెండు కోడిపిల్లలు మెడ సాచి నోరు తెరిచి ఎగపోస్తా ఉండాయి. వాటి రోగం వీనికి తగులుకుందా? మా అత్తయితే అమ్మేయమని రోజూ అదే పాట.

కడప_మిద్దెతోట:
అంటుకోవడం కాదులే బ్రో, అందరూ పీల్చేది ఆ మూసిన గదిలో గాలే కదా. రెట్ట, తడి కలిసి అమోనియా గ్యాస్ లేస్తాది. వంగి నీ మొహం కోడిపిల్లల ఎత్తులో పెట్టి చూడు, కళ్లు మండితే అదే. రోజూ ఆ ఇంట్లోనే ఉంటే ముక్కు అలవాటైపోయి వాసన తెలీదు. దానికితోడు ఈకల దుమ్ము. ఆయాసం ఉండే పిల్లోడున్న ఇంట్లో హాల్లో పెట్టడమే తప్పు, ఏమనుకోవద్దు. వాన్ని డాక్టర్‌కి చూపించు, ఇంట్లో కోళ్లున్నాయని చెప్పడం మర్చిపోవద్దు.

రైతుబిడ్డ:
సున్నం చల్లన్నా, వాసన పోతాది

కర్నూలు_కోళ్లు:
తడి పొట్టు మీద సున్నం చల్లితే గ్యాస్ ఇంకా లేస్తాది, వద్దు. అసలు ఆ శెనక్కాయ పొట్టు యాడిది? మిల్లు బయట వానకు తడిసిన కుప్పలోదైతే బూజుంటాది, అది ఊపిరితిత్తుల్లో పడితే సౌండ్ లేకుండా నోరు తెరిచి ఎగపోస్తాయి. గురగురమని ముక్కు కారితే సీఆర్డీ అనే కోళ్ల ఊపిరి జబ్బు, కొక్కెర రోగం (రాణీఖేత్) కూడా కావొచ్చు, చూసి చెప్పడం కష్టమే. పోయినేడు నావి 11 పోయినాయి, యాంటీబయాటిక్ పోసి పోసి డబ్బులు దండగ, బూజుకు అది పనిచేయదని తర్వాత తెలిసింది. ఆ రెండింటిని వేరుచేసి పశువుల ఆస్పత్రికి ఎత్తుకుపో. మొదటివారం కొక్కెర రోగం రాకుండా వేసే లసోటా టీకా చుక్క వేసినావా? లేదంటే ఇప్పుడు జబ్బు మీద సొంతంగా వేయొద్దు, అక్కడే అడుగు.

అనంతపురం_నాటుకోడి:
మిల్లు బయటిదే అన్నా 😔 మొహం పెట్టి చూస్తే కళ్లల్లో నీళ్లొచ్చినాయి. చుక్క వేయలేదు. వరండాలోకి మారుస్తా గానీ చలికి చస్తాయేమో?

కడప_మిద్దెతోట:
రెండో వారం బల్బు కింద 32 డిగ్రీలుంటే చాలు. గాలి కొట్టే పక్క గోనెపట్ట కట్టి పైన జానెడు వదులు. బల్బు కింద గుంపు కడితే చలి, దూరం పోతే వేడి ఎక్కువైనట్టు. పాత పొట్టు తీసేటప్పుడు నీళ్లు చిలకరించి మాస్క్ పెట్టుకో, బుడ్డోన్ని ఆ దరిదాపుల్లోకి రానీకు.

అనంతపురం_నాటుకోడి:
సరేన్నా, పొద్దున్నే ఇద్దరినీ చూపిస్తా, వీన్ని ఒకచోట వాటినొకచోట. హాల్లోంచి తీసేస్తున్నా, అమ్మడం మాత్రం అమ్మను.