బ్లూటూత్ ఆన్‌లో ఉంటే ప్రకటనలకు ఒప్పుకున్నట్టేనా?

చిరుగాలి:

మొన్న ఒక ఎగ్జిబిషన్ హాల్లో కొత్త ఇయర్‌ఫోన్లు ఫోన్‌కి కలుపుదామని బ్లూటూత్ సెట్టింగ్స్ తెరిచాను. వాటి పేరు ఇంకా కనబడనే లేదు, తెర మధ్యలో ఒక డబ్బా ఊడిపడింది. ఏదో స్టాల్ పేరు, 'ఫైల్ పంపుతున్నారు, తీసుకుంటారా?' అని. వద్దన్నాను. అర నిమిషంలో మళ్లీ అదే. మూడోసారి వచ్చేసరికి ఒళ్లు మండి, ఇయర్‌ఫోన్లు జేబులో పడేసుకుని బయటికొచ్చేశాను.

వచ్చేటప్పుడు ఆ స్టాల్ దగ్గర ఆగి అడిగాను. "మీ బ్లూటూత్ ఆన్‌లో ఉంది కదండీ, అందుకే వచ్చింది. ఇష్టం లేకపోతే వద్దని నొక్కేయండి" అన్నాడు అక్కడి కుర్రాడు, చాలా మర్యాదగానే. ఆ మాటే నాకు మింగుడు పడటం లేదు. తలుపు తీసి ఉంది కాబట్టి లోపలికొచ్చాం అన్నట్టుంది. మా తమ్ముడేమో "ఎస్ఎంఎస్‌ల కన్నా ఇదే నయం, నీ నంబర్ వాళ్ల దగ్గర లేదు కదా" అంటాడు. మీరేమంటారు?

కౌంటర్_వెనక:

మీ తమ్ముడు చెప్పిందే కరెక్టు. నేను మార్కెటింగ్ వైపు మనిషిని, తిట్టేవాళ్లు ముందే తిట్టేయండి.

ఎస్ఎంఎస్ పంపాలంటే ఎవరి దగ్గరో నంబర్ల జాబితా ఉండాలి. అది ఎన్ని చేతులు మారి వచ్చిందో దేవుడికే తెలియాలి. బ్లూటూత్‌కి మీ నంబర్ అక్కర్లేదు, పేరు అక్కర్లేదు. ఓ పది మీటర్లు దాటారంటే మీరెవరో మేమెవరో. మీ డేటా కూడా ఖర్చు కాదు. పైగా స్టాల్ ముందు నిలబడ్డ మనిషికి ఆ స్టాల్ గురించే చెబుతున్నాం, ఇంట్లో నిద్రపోతున్నవాణ్ణి లేపి అప్పు కావాలా అని అడగటం లేదు.

రోడ్డు మీద హోర్డింగు పెట్టేటప్పుడు మిమ్మల్ని ఎవరైనా అడిగారా? ఇక్కడ కనీసం అడుగుతున్నాం. మూడుసార్లు అడగడం మాత్రం తప్పే, అది సాఫ్ట్‌వేర్ సరిగ్గా పెట్టుకోకపోవడం.

గొళ్లెం:

> ఇక్కడ కనీసం అడుగుతున్నాం.

అడగడమే ప్రకటన అయినప్పుడు ఇక అడిగామని గొప్పేమిటండీ? ఆ డబ్బాలో స్టాల్ పేరుంది. చిరుగాలి గారు చదివారు. ఆ తరువాత వద్దన్నా కావాలన్నా మీ పని సగం అయిపోయినట్టే.

హోర్డింగుతో పోలిక నాకు నచ్చలేదు. హోర్డింగు నా జేబులో మోగదు. నేను జవాబు చెప్పేదాకా దారికి అడ్డంగా నిలబడదు. తల తిప్పుకుంటే చాలు. ఇక్కడ ఆ డబ్బా తీసేస్తే గానీ ఆమె తన ఇయర్‌ఫోన్ల పని చేసుకోలేకపోయారు.

చట్టం కూడా ఇక్కడే తడబడింది. యూరప్‌లో 2002/58 అనే ఆదేశం ఉంది. ఈమెయిల్, ఎస్ఎంఎస్ ప్రకటనలు పంపాలంటే ముందుగా ఒప్పుకోలు తీసుకోవాలని అందులో ఉంది. కానీ ఆ నియమం ప్రజా టెలికాం నెట్‌వర్క్ మీదుగా వెళ్లే సందేశాల గురించి. బ్లూటూత్ ఏ టెలికాం కంపెనీ మీదుగానూ పోదు, స్టాల్‌లో పెట్టిన పంపే పెట్టెలోంచి నేరుగా ఫోన్‌లోకి వస్తుంది. అందుకని బ్రిటన్‌లో డేటా రక్షణ చూసే సమాచార కమిషనర్ కార్యాలయం, ఇది ఆ నియమాల కిందికి రాదని 2007లో తేల్చింది. అంటే నంబర్ తెలిసి పంపితే ఒప్పుకోలు కావాలి, పక్కన నిలబడి పంపితే అక్కర్లేదు! వైరు లేదు కాబట్టి గొడవా లేదన్నమాట.

కౌంటర్_వెనక:

చట్టం తప్పు పట్టలేదని మీరే చెప్పారు. థాంక్స్ 🙂

గొళ్లెం:

పట్టలేకపోయింది అన్నాను. మళ్లీ చదవండి.

పాతయాంటెన్నా:

ఇలాంటి పెట్టెలు బిగించే పని కొన్నేళ్లు చేశాను. ఇద్దరికీ నచ్చని సంగతులు చెప్తాను.

పెట్టె అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. చిన్న కంప్యూటర్, దానికి గుచ్చిన నాలుగైదు బ్లూటూత్ డాంగిళ్లు, అంటే చిన్న రేడియో ముక్కలు. ఒకటి చుట్టుపక్కల ఫోన్లను వెతుకుతుంది, మిగతావి పంపుతాయి. ఒక్కో డాంగిల్ ఒకేసారి ఏడింటితో మాట్లాడగలదు, అంతకు మించి బ్లూటూత్ ఒప్పుకోదు. ఒక విడత వెతుకులాటకి దాదాపు పది సెకన్లు. అందుకే నడుస్తూ పోయేవాళ్లు దొరకరు, క్యూలో నిలబడ్డవాళ్లు దొరుకుతారు. పెట్టె ఎక్కడ పెట్టాలో చూసేటప్పుడు మేం మొదట వెతికేది మనుషులు విసుగ్గా నిలబడే చోటు కోసమే. ఇక పది మీటర్లు అన్నది మామూలు ఫోన్ లెక్క. మేం వాడింది క్లాస్ 1 అనే ఎక్కువ బలమున్న రేడియో, దానికి చెప్పుకునే దూరం వంద మీటర్లు. ఫోన్ జవాబు కూడా వెనక్కి చేరాలి కాబట్టి అంత దూరం ఎప్పుడూ రాలేదు గానీ, గోడ అవతల గదిలోవాళ్లు మాత్రం దొరికేవాళ్లు.

కౌంటర్_వెనక గారూ, "పేరు అక్కర్లేదు" అన్నారు. అక్కర్లేదు, నిజమే. కానీ వచ్చేది. తెర మీద వరసలు పైకి పోతుండేవి. ఫోన్ చిరునామా (అంటే ఆ ఫోన్ బ్లూటూత్‌కి ఉండే సొంత అంకె), ఫోన్ పేరు, ఫలితం. 'బుజ్జి వాళ్ల నాన్న', తిరస్కరించారు. 'ముట్టుకుంటే చెయ్యి విరుగుద్ది', జవాబు లేదు. ఇంకొకరు ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, పక్కన చేసే ఉద్యోగం. ఫోన్‌కి పేరు పెట్టుకునేటప్పుడు అది ఇంకొకడి తెర మీద కనిపిస్తుందని ఎవరనుకుంటారు? మేం ఆ లిస్టు చదువుకుని నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

అసలు చిక్కు ఇంకొకటుంది. వద్దన్నవాళ్లని మళ్లీ అడక్కూడదంటే వద్దన్నది ఎవరో గుర్తుపెట్టుకోవాలి. అంటే ఆ ఫోన్ చిరునామా రాసిపెట్టుకోవాలి. మర్యాదగా ఉండాలంటే లెడ్జరు ఉండాలి, లెడ్జరు వద్దంటే చిరుగాలి గారిని అడిగినట్టు మూడుసార్లు అడగాలి. మేం లెడ్జరు పెట్టాం. రెండు వారాలకి క్లయింట్ అడిగాడు, "మంగళవారం వచ్చినవాళ్లలో శుక్రవారం మళ్లీ ఎంతమంది వచ్చారో చెప్పగలవా?" అని. చెప్పగలను, అదే చిరునామా మళ్లీ కనబడుతుంది కదా. చెప్పాం. ఆ తరువాత ఆ లెక్క కోసమే పెట్టె పెట్టించుకున్నవాళ్లున్నారు, ఒక్క సందేశం కూడా పంపకుండా.

ఊరకే_చదివేవాణ్ణి:

పైన చివరి వాక్యం రెండుసార్లు చదివాను. వామ్మో.

కౌంటర్_వెనక:

పాతయాంటెన్నా గారూ, చిరునామా అంటే 48 బిట్ల అంకె. దాన్ని చూసి మనిషి ఎవరో చెప్పలేం. మనిషికీ అంకెకీ తేడా ఉంది.

పాతయాంటెన్నా:

అంకె పక్కన 'బుజ్జి వాళ్ల నాన్న' అని లేకపోతే మీ మాటే నిజం.

ఇంకో లెక్క చెప్తాను, మా లైన్‌లో అందరూ గొప్పగా చెప్పుకునేది. 2005లో లండన్ రైల్వే స్టేషన్లలో ఒక రాక్ బృందం కొత్త ఆల్బమ్ కోసం ఇలాంటి పెట్టెలు పెట్టారు. రెండు వారాల్లో 87,000 ఫోన్లు కనబడ్డాయి, 13,000 పైచిలుకు మంది ఫైల్ తీసుకున్నారు. పదిహేను శాతం! మామూలు ప్రకటనకి ఆ అంకె కలలో కూడా రాదు. నేనూ ఆ అంకె చూపించే పెట్టెలు అమ్మాను. ఇవాళ మాత్రం నా కళ్లు మొదటి అంకె మీదికి పోతాయి. మిగతా డెబ్భై నాలుగు వేల మంది రైలెక్కి వెళ్లిపోయారు, కానీ లెక్కలో ఉన్నారు.

సున్నాఒకటి:

మీరంతా పాత పద్ధతి మీద కొట్టుకుంటున్నారు. ఫైల్ తోసే ఆ పద్ధతి చాలావరకు పోయింది. ఇప్పటి ఫోన్లు బ్లూటూత్ ఆన్‌లో ఉన్నా ఇతరులకు కనబడవు, సెట్టింగ్స్ పేజీ తెరిచి ఉన్నంతసేపే కనబడతాయి. చిరుగాలి గారు సరిగ్గా ఆ నిమిషంలో దొరికారు. ఐఫోన్ అయితే ఈ రకం ఫైళ్లు అసలెప్పుడూ తీసుకోలేదు.

ఇప్పుడు నడిచేది బీకన్ అనే చిన్న రేడియో బిళ్ల. ఆపిల్ 2013లో ఐబీకన్ తెచ్చింది. చాలామంది బీకన్ ఫోన్‌కి ఆఫర్ పంపుతుంది అనుకుంటారు. అది ఏమీ పంపదు. ఒక నాణెం బ్యాటరీ పెట్టుకుని 'నేను ఫలానా, నేను ఫలానా' అని సెకనుకి కొన్నిసార్లు అరుస్తూ ఉంటుంది. 16 బైట్ల గుర్తింపు, దాని వెనక రెండేసి బైట్ల అంకెలు రెండు, ఎంత గట్టిగా అరుస్తోందో చెప్పే ఒక బైటు. అంతే దాని బతుకు. ఎదురుగా ఎవరున్నారో దానికి తెలియదు. వినేది మీ ఫోన్‌లో మీరే వేసుకున్న యాప్. నోటిఫికేషన్ చూపించేదీ, మీరు ఎక్కడున్నారో సర్వర్‌కి చెప్పేదీ అదే.

యాప్ లేకుండా నేరుగా చూపించే ప్రయత్నం గూగుల్ చేసింది, ఆండ్రాయిడ్‌లో 'నియర్‌బై నోటిఫికేషన్స్' అని. 2018 డిసెంబరులో ఆపేసింది. పనికిరాని, స్పామ్ నోటిఫికేషన్లు బాగా పెరిగిపోయాయని తనే చెప్పింది. ఆపకముందు ఎన్నో వడపోతలు పెట్టుకోగల కంపెనీ అది. దానికే చేతకాలేదంటే, హాల్లో ఒక్కో స్టాల్‌వాడి మర్యాద మీద వదిలేయమనడం నాకు అర్థం కాదు.

కౌంటర్_వెనక:

అయితే యాప్ పద్ధతి ఓకే కదా? యాప్ వేసుకున్నారు, పర్మిషన్ ఇచ్చారు. ఇంతకంటే ఒప్పుకోలు ఏముంటుంది, స్టాంపు పేపరు మీద సంతకమా?

గొళ్లెం:

ఐఫోన్లో బ్లూటూత్ వాడుకోవడానికి యాప్ విడిగా అడగాల్సి వచ్చింది 2019లో, ఐఓఎస్ 13తో. అప్పుడే చాలామందికి 'దీనికి బ్లూటూత్ ఎందుకు?' అన్న అనుమానం మొదటిసారి వచ్చింది. అంతకుముందు ఏళ్లపాటు ఇచ్చింది ఒప్పుకోలు కాదండీ, తెలియకపోవడం. తెలియదు కాబట్టి ఊరుకున్నవాణ్ణి ఒప్పుకున్నాడని రాసుకోవడం మీ ఫీల్డులో మామూలే అనుకుంటా.

2014లో న్యూయార్క్‌లో వీధి టెలిఫోన్ బూతుల్లో వందల బీకన్లు బిగించారు. జనానికి ఎవరూ చెప్పలేదు. ఆ అక్టోబరులో వార్తల్లో రాగానే నగర ప్రభుత్వం పీకించేసింది. అంత అమాయకమైన సంగతే అయితే బూతు మీద ఒక స్టిక్కరు అంటించడానికి ఏం అడ్డొచ్చింది?

కౌంటర్_వెనక:

స్టిక్కరు అంటించాలి, ఒప్పుకుంటాను. ఆ ఒక్కటీ ఒప్పుకుంటాను.

ఊరకే_చదివేవాణ్ణి:

ఎప్పుడూ రాయను, ఒక్కటి చెప్పి పోతాను. 2004లో కేబిర్ అని ఫోన్ వైరస్ వచ్చింది, సింబియన్ ఫోన్లలో. బ్లూటూత్ మీదే పాకింది. దాన్ని తీసుకోవాలా వద్దా అని ఫోన్ నిజాయితీగానే అడిగేది. వద్దంటే మళ్లీ అడిగేది. మళ్లీ వద్దంటే మళ్లీ. ఆ అంటించే ఫోన్‌కి దూరంగా నడిచిపోతే గానీ ఆగేది కాదు. విసుగెత్తి అవును నొక్కినవాళ్లకి అంటుకుంది. మరుసటేడు హెల్సింకిలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలప్పుడు స్టేడియంలో ఒకరి నుంచి ఒకరికి పాకింది, అక్కడా అందరూ కదలకుండా కూర్చునే ఉంటారు కదా.

చిరుగాలి గారికి మూడుసార్లు వచ్చిందన్నప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. తెలియనివాడు పంపే ఫైల్‌కి 'అవును' నొక్కడం మంచిదే, కూపన్ వస్తుంది అని జనానికి అలవాటు చేస్తే, రేపు దొంగకి మనం దారి ఊడ్చిపెట్టినట్టే. నాకు మిగతా వాదనలకన్నా ఇదే పెద్దదిగా కనిపిస్తోంది.

సున్నాఒకటి:

ఇది కరెక్టు. అందుకే క్యూఆర్ కోడ్, ఎన్ఎఫ్‌సీ నయం అంటాను. ఎన్ఎఫ్‌సీకి నాలుగైదు సెంటీమీటర్ల దగ్గరకి ఫోన్ తీసుకెళ్లి ఆనించాలి. చెయ్యి చాపింది ఎవరో అక్కడ సందేహం ఉండదు.

కౌంటర్_వెనక:

చెయ్యి ఎవరూ చాపరు, అదే కదా మా టెన్షన్. పోస్టరు మీద కోడ్ వేసి రోజంతా పక్కన నిలబడి చూడండి ఒకసారి. మీకు సిద్ధాంతం, మాకు నెలాఖరు.

పాతయాంటెన్నా:

చాపుతారు, తక్కువమంది చాపుతారు. ఒక చోట మేం అలాగే చేసి చూశాం. లోపలికి వచ్చే దారి పక్కన ఆకుపచ్చ చాప వేశాం. 'హాలు మ్యాపు కావాలంటే ఇక్కడ నిలబడి బ్లూటూత్ తెరవండి' అని బోర్డు. రేడియో బలం తగ్గించేశాం, చాప దాటితే అందదు. లెడ్జరు లేదు, అడిగి వచ్చినవాణ్ణి గుర్తుపెట్టుకునే పనేముంది? మొదటి రోజు సాయంత్రం క్లయింట్ ఫోన్ చేసి పెట్టె చెడిపోయిందా అని అడిగాడు, అంకె అంత చిన్నది. కానీ చాప మీద నిలబడ్డవాళ్లలో దాదాపు అందరూ మ్యాపు తీసుకున్నారు, ఇద్దరు ముగ్గురు పక్కవాళ్లని పిలిచి మరీ నిలబెట్టారు. ఒక్క ఫిర్యాదు లేదు.

మరుసటి నెల మళ్లీ పాత పద్ధతే పెట్టమన్నాడు. పెట్టాను.

చిరుగాలి:

అందరికీ థాంక్సండి. కౌంటర్_వెనక గారూ, మీ మీద కోపం లేదు, స్టిక్కరు మాట గుర్తుపెట్టుకుంటే చాలు. పాతయాంటెన్నా గారి పోస్టు చదివాక సెట్టింగ్స్ తెరిచి చూసుకున్నాను. నా ఫోన్ పేరు ఇంటిపేరుతో సహా నా పూర్తి పేరే. ఎప్పుడు పెట్టానో కూడా గుర్తు లేదు. అంటే ఆ రోజు ఆ స్టాల్ కుర్రాడి తెర మీద నా పేరు మూడుసార్లు వచ్చి ఉంటుంది.

ఇయర్‌ఫోన్లు ఇంటికొచ్చాక కలుపుకున్నాను. ఫోన్ పేరు మార్చేశాను. ఇప్పుడు దాని పేరు 'వద్దన్నాను కదా'.