ఎస్2000లో ఎయిర్‌బ్యాగ్ లైటు: కోడ్ చదవకుండా క్లిప్పుతో ఆర్పేయవచ్చా?

డాలస్_రోడ్‌స్టర్

నా దగ్గర 2003 హోండా ఎస్2000 ఉంది. చలికాలం కదలకుండా ఉండటంతో బ్యాటరీ దిగిపోయింది. మరో కారు నుంచి కేబుళ్లు కలిపి స్టార్ట్ చేశాను. అప్పటి నుంచి ఎస్‌ఆర్‌ఎస్ లైటు, అంటే ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థ హెచ్చరిక లైటు, వెలిగే ఉంటోంది. ఇంజన్ కోడ్లు చదివే చిన్న స్కానర్ పెడితే ఏ లోపమూ లేదంటోంది. దగ్గరలోని వర్క్‌షాపు వారు లోపం కోడ్ చదవకుండానే ఎయిర్‌బ్యాగ్‌లను నడిపే కంట్రోల్ యూనిట్ మార్చాలని చెప్పారు. వీడియోలలో మాత్రం పేపర్ క్లిప్పుతో నిమిషంలో ఆర్పేస్తున్నారు. అలా ఆర్పేయడం సబబేనా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

ఆదివారం_గ్యారేజీ

నిక్షేపంగా ఆర్పేయవచ్చు. ఇది దొంగదారి కాదు, హోండా మెకానిక్కులకు నేర్పే పద్ధతే. డ్రైవర్ వైపు డాష్ కింద ఎంఈఎస్ అనే, మెమరీ చెరపడానికి వాడే, రెండు పిన్నుల కనెక్టర్ ఖాళీగా ఉంటుంది. ఆ పిన్నులు రెండూ క్లిప్పుతో కలిపి తాళం ఆన్ చేస్తే లైటు ఆరు సెకన్లు వెలిగి ఆరుతుంది. ఆరిన నాలుగు సెకన్లలోపు క్లిప్పు తీయాలి. లైటు మళ్లీ వెలుగుతుంది, నాలుగు సెకన్లలోపు పెట్టాలి. ఆరుతుంది, మళ్లీ తీయాలి. లైటు రెండుసార్లు మిణుకుమంటే మెమరీ చెరిగినట్లు.

మీది బ్యాటరీ దిగినప్పుడు మొదలైన లోపం. వోల్టేజీ పడిపోయినప్పుడు యూనిట్ దాన్ని నమోదు చేసుకుంటుంది, కరెంటు సరిగా అందినా లైటును తనంతట తాను ఆర్పదు. చెరిపి చూడండి. నిజంగా ఏదైనా చెడిపోయి ఉంటే మళ్లీ వెలుగుతుంది. దీనికోసం వందల డాలర్లు పోయడం నాకు అన్యాయంగా కనిపిస్తోంది.

పసుపు_తీగ

ఆదివారం గారు చెప్పిన పద్ధతి సరైనదే, వరుసే తప్పు. చెరపడం చివరి పని. మొదటి పని చదవడం. చెరిపేశాక ఆ యూనిట్ ఏం చూసి లైటు వేసిందో చెప్పే ఆధారం మిగలదు.

ఈ లైటు ఏం చెబుతుందో చూద్దాం. ప్రతి ఎయిర్‌బ్యాగ్‌లోనూ నిప్పంటించే సన్నని తీగ ఉంటుంది, దాని నిరోధం సుమారు 2 ఓమ్‌లు. కారు నడుస్తున్నంతసేపూ యూనిట్ ఆ తీగలోకి అతి స్వల్పమైన కరెంటు పంపి కొలుస్తూ ఉంటుంది. సీటుబెల్టును బిగించే టెన్షనర్లకూ ఇదే పరీక్ష. కొలత పెరిగినా, తగ్గినా, తీగ బాడీకి తగిలినా లైటు వెలుగుతుంది. అంటే ఇది కేవలం విద్యుత్ పరీక్ష. మామూలు ఇంజన్ స్కానర్ ఈ యూనిట్‌తో మాట్లాడనే మాట్లాడదు కాబట్టి “లోపం లేదు” అని అది చూపడానికి విలువ లేదు. ఎస్‌ఆర్‌ఎస్ చదవగలిగిన స్కానర్ కావాలి, లేదా హోండా వారి సొంత పరీక్ష పరికరం హెచ్‌డీఎస్ ఉన్న చోటికి వెళ్లాలి.

“నిజంగా చెడిపోతే మళ్లీ వెలుగుతుంది” అన్నారు. ఎప్పుడు వెలుగుతుంది? ఈ కార్లలో తరచుగా ఎదురయ్యే లోపం సీటుబెల్టు బకిల్‌లోని చిన్న స్విచ్చు. బెల్టు పెట్టుకున్నారో లేదో యూనిట్‌కు చెప్పేది అదే. ఇరవై ఏళ్ల దుమ్ము, ఒలికిన కాఫీ, చొక్కా నూలుపోగులు లోపల చేరి స్విచ్చు ఒకసారి కలుస్తుంది, ఒకసారి కలవదు. బకిల్ నొక్కి బెల్టు తీసి మళ్లీ పెట్టినప్పుడు, పెట్టాక బకిల్‌ను అటూ ఇటూ కదిపినప్పుడు స్కానర్ తెరమీద ఆ స్విచ్చు రీడింగు ఊగిసలాడటం కళ్లారా చూడవచ్చు. రెండోది స్టీరింగ్ వెనుక చుట్టలా ఉండే పలుచని కేబుల్ రీలు. అది తెగడం మొదలైతే చక్రం ఒక కోణంలో ఉన్నప్పుడే లోపం నమోదవుతుంది, కొన్నిసార్లు హారన్ కూడా పలకదు. ఇలాంటివి చెరిపేశాక వారాల తరబడి కనిపించకపోవచ్చు. ఆ వారాలన్నీ మీరు లైటు ఆరి ఉందన్న ధైర్యంతో నడుపుతారు.

జాగ్రత్త కూడా చెప్పాలి. ఎయిర్‌బ్యాగ్ తీగలు, కనెక్టర్లు పసుపు రంగులో ఉంటాయి. క్లిప్పు గాని, మల్టీమీటరు మొన గాని వాటిలో పెట్టకండి. ఆ కనెక్టర్లలో చాలావాటికి లోపల చిన్న స్ప్రింగు పలక ఉంటుంది, ఊడదీసిన క్షణంలోనే రెండు పిన్నులనూ కలిపేస్తుంది. దారి తప్పిన కరెంటు గాని, ఒంటిమీది స్టాటిక్ గాని బ్యాగును పేల్చకుండా చేసిన ఏర్పాటు అది. దేనినైనా ఊడదీయాలంటే ముందు తాళం ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగాలి. యూనిట్ లోపలి కెపాసిటర్‌లో బ్యాగును పేల్చేంత శక్తి కొంతసేపు నిలిచే ఉంటుంది.

ఆదివారం_గ్యారేజీ

పసుపు తీగ గారూ, మీ మాటలో చాలా నిజముంది. అయితే పరికరం లేని మామూలు మనిషి ఏం చేస్తాడో నేను చూస్తున్నాను. ఖర్చుకు భయపడి లైటును అలాగే వదిలేస్తాడు. ఏళ్లు గడుస్తాయి. ఆరని లైటు వెనుక రెండో లోపం వచ్చినా తెలిసే మార్గం లేదు. బ్యాటరీ వల్ల వచ్చిన పాత కోడ్‌ను చెరిపేస్తే, ఆ తర్వాత వెలిగే లైటుకైనా అర్థం ఉంటుంది. నా దృష్టిలో చెరపడం కూడా పరీక్షే.

పసుపు_తీగ

రెండో లోపం సంగతి మీరు చెప్పినదే నిజం, ఒప్పుకుంటాను. అయినా చదవడానికి పట్టే సమయం ఎంత? ఎస్‌ఆర్‌ఎస్ చదివే చేతి స్కానర్లు ఇప్పుడు ఒక డీలరు పరీక్ష రుసుము లోపే వస్తున్నాయి. నలుగురు స్నేహితులు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు.

ఇంతకంటే పెద్ద విషయం ఇక్కడ ఎవరూ అడగలేదు. ఎయిర్‌బ్యాగ్‌లు తయారుచేసిన టకాటా కంపెనీ లోపం వల్ల కార్లను వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేసే రీకాల్‌లో ఎస్2000 కూడా ఉంది. బ్యాగును ఉబ్బించే ఆ ఇన్‌ఫ్లేటర్లలో పేలుడు మందుగా అమ్మోనియం నైట్రేట్ వాడారు. ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలితే అది పాడై, పేలినప్పుడు లోహపు డబ్బానే ముక్కలు చేసి మనిషి మీదికి విసురుతుంది. మరణాలు సంభవించాయి. అమెరికాలోనే సుమారు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లు రీకాల్ అయ్యాయి, 2017లో ఆ కంపెనీ దివాలా తీసింది. పాడైన మందు తీగ నిరోధాన్ని మార్చదు కాబట్టి లైటుకు అది తెలియదు. లైటు ఆరిపోయినంత మాత్రాన బ్యాగు క్షేమం అనుకోకండి. మీ కారు 17 అక్షరాల గుర్తింపు సంఖ్య వీఐఎన్‌ను అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొట్టి చూడండి. రీకాల్ మిగిలి ఉంటే పాత కారైనా, మీరు ఎన్నో యజమాని అయినా ఉచితంగా మారుస్తారు. టెక్సాస్ ఎండల్లో పెరిగిన కారుకు ఇది ఈరోజే చేయాల్సిన పని.

బర్మింగ్‌హామ్_ట్రాక్

బ్రిటన్‌లో ఈ లైటు లోపం చూపిస్తే ఎంఓటీ, అంటే కార్లకు ఏటా జరిగే తప్పనిసరి పరీక్ష, ఫెయిల్. అందుకే ఇక్కడ వాదన మరోలా ఉంటుంది. నేను ట్రాక్ కోసం చిన్న స్టీరింగ్ వేసుకున్నాను, అందులో ఎయిర్‌బ్యాగ్ లేదు. దాని స్థానంలో అంతే నిరోధం ఉన్న రెసిస్టర్ పెట్టాను. దీన్ని మోసం అంటారు కొందరు. రెసిస్టర్ లేకపోతే లైటు వెలిగి, ప్రయాణికుడి బ్యాగు, బెల్టు టెన్షనర్లు కూడా పనిచేస్తాయో లేదో తెలియని స్థితి వస్తుంది. రెసిస్టర్ పెట్టాను కాబట్టే మిగతావి సజీవంగా ఉన్నాయి. హెల్మెట్, ఆరు పట్టీల హార్నెస్ వేసుకున్నప్పుడు ముఖం మీదికి వచ్చే బ్యాగు నాకు అవసరం లేదు.

హైదరాబాద్_వాడిన_కార్లు

ఎస్2000ను ఇక్కడ అమ్మలేదు కాబట్టి కారు గురించి చెప్పలేను. వాడిన కార్లు చూసిపెట్టే పనిలో ఉన్నవాడిగా రెసిస్టర్ మీద మాత్రం చెబుతాను. ఢీకొని బ్యాగులు పేలిన కారుకు పైమూత అతికించి, లోపల రెసిస్టర్ పెట్టి అమ్మేవారు ఉన్నారు. ఇంకొందరు ఆ లైటునే పీకేస్తారు, లేదా మరో లైటు తీగకు కలిపేస్తారు. అందుకే తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి, తనంతట తాను ఆరుతుందో లేదో చూస్తాను. అసలు వెలగకపోయినా, మరో లైటుతో కలిసి సరిగ్గా ఒకేసారి ఆరినా అనుమానించి లోపల చూడమంటాను. రెసిస్టర్ పెట్టిన కారు ఈ పరీక్ష కూడా దాటేస్తుంది. కొనే కుటుంబానికి తెలిసే దారే లేదు. ట్రాక్ గారి ఉద్దేశం మంచిదే కావచ్చు, ఆ కారు రేపు ఎవరి చేతికి వెళుతుందో ఆయన చేతిలో లేదు.

డాలస్_రోడ్‌స్టర్

అందరికీ ధన్యవాదాలు. స్నేహితుడి స్కానర్‌తో చదివించాను. రెండు కోడ్లు వచ్చాయి: ఒకటి తక్కువ వోల్టేజీ, రెండోది డ్రైవర్ బకిల్ స్విచ్చు. కంట్రోల్ యూనిట్ గురించి ఒక్క ముక్క కూడా లేదు. వీఐఎన్ చూస్తే రీకాల్ మరమ్మతు ఇంకా మిగిలే ఉంది, డీలరు దగ్గర సమయం తీసుకున్నాను.

పసుపు_తీగ

చదవకుండా చెరిపి ఉంటే బకిల్ సంగతి బ్యాటరీ ఖాతాలో పడిపోయేది. డీలరు దగ్గరికి ఎలాగూ వెళుతున్నారు కాబట్టి మరొకటి అడగండి. అమెరికాలో హోండా సీటుబెల్టులకు కారు ఉన్నంతకాలం వర్తించే పరిమిత వారంటీ ఇస్తుంది. మామూలు వాడకంలో చెడిన బకిల్ దాని కిందికి వస్తుందేమో రాతపూర్వకంగా అడగండి. ద్రవం ఒలికిన గుర్తులుంటే తిరస్కరించవచ్చు.

ఆదివారం_గ్యారేజీ

బకిల్ మార్చాక చెరపడానికి డబ్బు అడిగితే మాత్రం ఇవ్వకండి, ఇంటికి తెచ్చి క్లిప్పుతో చేసుకోండి. నా మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను: వోల్టేజీ కోడ్ ఒక్కటే వచ్చినవారికి చెరిపి చూడటమే సరైన దారి.

బర్మింగ్‌హామ్_ట్రాక్

హైదరాబాద్ మిత్రుడి మాట నన్ను ఆలోచింపజేసింది. ట్రాక్ రోజుల్లో రెసిస్టర్ ఉంచుతాను, అది మారదు. అసలు స్టీరింగ్‌ను, బ్యాగును దాచే ఉంచాను. రోడ్డు మీదికి తెచ్చేటప్పుడు తిరిగి బిగించాలా అన్నదే ప్రశ్న.

పసుపు_తీగ

బిగించాలి. ఎంఓటీలో మొదట ఉండాల్సిన బ్యాగు లేదని కనిపిస్తే అదీ లోపమే. రోడ్డు మీద మీ తలకు హెల్మెట్ ఉండదు, పక్కన కూర్చునేవారికి మీ రెసిస్టర్ సంగతి తెలియదు. ముందు ఆ బ్యాగుకూ రీకాల్ ఉందేమో కారు నంబరుతో చూడండి. అటకమీద ఉన్నందువల్ల ఇన్‌ఫ్లేటర్ వయసు ఆగదు. అప్పటిదాకా దాన్ని మూత వైపు పైకి ఉండేలా, మీద ఏ బరువూ పెట్టకుండా, పొడిగా చల్లగా ఉన్న చోట, పిల్లలకు అందకుండా ఉంచండి. బోర్లా పెట్టిన బ్యాగు పేలితే మొత్తం డబ్బానే పైకి ఎగురుతుంది.