భిక్షుణీ సంఘం పరంపర తెగిందా, లేదా? బుద్ధపూర్ణిమ ఫ్లెక్సీ కోసం వివరాలు కావాలె

హన్మకొండ చదువరి:

అందరికీ జైభీమ్. బుద్ధపూర్ణిమకు మా బస్తీ లైబ్రరీల భిక్షుణుల చరిత్ర మీద ఒక ఫ్లెక్సీ పెడుతున్నం, ఆరు అడుగులు బై నాలుగు. ఇప్పటికైతే మ్యాటర్ ఇట్లున్నది: "మహాప్రజాపతి గౌతమితో మొదలైన భిక్షుణీ సంఘం నేటికీ నిరాటంకంగా సాగుతోంది. వీరికి 311 నియమాలు." దీని మీదనే పంచాది నడుస్తున్నది. వెయ్యేండ్ల కిందనే తెగిపోయిందని ఒకాయన, చైనాల ఎన్నడూ తెగలేదని ఇంకొకామె. నియమాలు ఒక కాడ 311 ఉంటే ఇంకో కాడ 348 ఉన్నయి. బుద్ధగయల గులాబి బట్టలేసుకొని కనపడే ఆడవాళ్ల ఫొటో పెడదామనుకుంటున్నం, వాళ్లు భిక్షుణులేనా? అసలు పూర్తి దీక్ష అంటే ఏమేం జరగాలె? మన ధూళికట్ట, కోటిలింగాల దిక్కు భిక్షుణులు ఉండిరని రాయొచ్చునా? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి. ప్రింటుకు ఇచ్చినంక మార్చుడు కష్టం.

వినయం చదివేవాడు:

ముందు ఆ ఫొటో తీసేయండి. గులాబి వస్త్రాలవారు బర్మా తిలషిన్‌లు. ఎనిమిదో పదో శీలాలు పాటిస్తారు. థాయిలాండ్‌లో తెల్లబట్టలు కట్టే మేచీలవి ఎనిమిది, శ్రీలంక దససిల్ మాతలవి పది. వాళ్లలో గొప్ప పాళీ పండితులున్నారు, కానీ ఉపసంపద (పూర్తి దీక్ష) జరగలేదు కాబట్టి వినయం (సంఘ నియమావళి) లెక్కలో భిక్షుణులు కారు.

311, 348 రెండూ నిజమే. మొదటిది థేరవాద (శ్రీలంక, బర్మా, థాయిలాండ్‌ల శాఖ) పాతిమోక్ఖంలోది, అంటే నియమాల పట్టికలోది: పారాజికలు (చేస్తే సంఘం నుంచి తొలగించే తప్పులు) 8, సంఘాదిసేసాలు 17, నిస్సగ్గియాలు 30, పాచిత్తియాలు 166, పాటిదేసనీయాలు 8, సేఖియాలు 75, అధికరణ సమథాలు 7. కూడి చూసుకోండి. భిక్షువులకు ఇదే వినయంలో 227. రెండోది ధర్మగుప్తక అనే మరో శాఖ వినయంలోది. చైనా, తైవాన్, కొరియా, వియత్నాం భిక్షుణులు పాటించేది అది. అందులో భిక్షువులకు 250. ఫ్లెక్సీలో అంకె పక్కన ఏ వినయమో రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

ఇక ఉపసంపద. థేరవాద పద్ధతిలో ఇరవై ఏళ్లు నిండాలి. అంతకు ముందు రెండేళ్లు సిక్ఖమానగా (శిక్షణలో ఉన్న అభ్యర్థిగా) ఆరు శీలాలు పాటించాలి. ఆరోది, మధ్యాహ్నం దాటాక తినకపోవడం. మధ్యలో ఒక్కటి తప్పినా రెండేళ్లూ మళ్లీ మొదటి నుంచే. దీక్ష ఇప్పించే గురువును పవత్తిని అంటారు. ఆమెకు కనీసం పన్నెండు వర్షావాసాలు (ఏడాదికొకటి వచ్చే వానాకాలపు మకాంలు) నిండి ఉండాలి. ఏడాదికి ఒక్క శిష్యురాలికే ఇప్పించాలి, అదీ ఏడాది విడిచి ఏడాది. అంటే పదేళ్లలో ఒక గురువు చేతి మీదుగా ఐదుగురు. సంఘం ఒకసారి చిక్కిపోతే మళ్లీ ఎందుకు పుంజుకోలేదో ఈ లెక్కలోనే సగం ఉంది.

దీక్షరోజు పాత్ర, ఐదు వస్త్రాలు సిద్ధంగా ఉండాలి: సంఘాటి (పై దుప్పటి), ఉత్తరాసంగం (పై వస్త్రం), అంతరవాసకం (నడుముకు కట్టేది), రొమ్ము మీద కట్టుకునే సంకచ్చికం, స్నానపు బట్ట. అభ్యర్థిని పక్కకు తీసుకెళ్లి ఏమడుగుతారో ముందే చెప్పి, తర్వాత సంఘం మధ్యలో అడుగుతారు. శరీర లక్షణాలు, కుష్ఠు, క్షయ, మూర్ఛ ఉన్నాయా, బానిసవా, అప్పులున్నాయా, రాజోద్యోగివా, తల్లిదండ్రులు, భర్త ఒప్పుకున్నారా, ఇరవై నిండాయా, నీ పేరేమిటి, నీ పవత్తిని పేరేమిటి. ఆ తర్వాత ఒక ప్రతిపాదన, మూడు ప్రకటనలు. మూడోసారి కూడా ఎవరూ నోరు విప్పకపోతే ఒప్పుకున్నట్టే. అక్కడి నుంచి భిక్షు సంఘం దగ్గరికి వెళ్లి ప్రతిపాదన, ప్రకటనలు మళ్లీ జరిపిస్తారు. అయిపోగానే నీడ కొలిచి వేళ గుర్తుపెడతారు, ఎవరు ముందు ఎవరు వెనక అనేది ఆ లెక్కతోనే. ఎనిమిది పారాజికలు అప్పుడే వినిపిస్తారు.

రెండు సంఘాల పద్ధతిని ఆడవాళ్లను అదుపులో పెట్టడానికే పెట్టారని అంటుంటారు. వినయ గ్రంథం చుల్లవగ్గం చెప్పే కారణం వేరు. ఆ శరీర ప్రశ్నలకు మగవాళ్ల ముందు జవాబు చెప్పలేక అభ్యర్థులు సిగ్గుతో కుంచించుకుపోతే, ప్రశ్నలు భిక్షుణుల మధ్యనే అడగమన్నారు. కాశీ గణిక అడ్ఢకాశి దీక్ష కోసం సావత్థికి (శ్రావస్తికి) బయల్దేరితే దారిలో దుండగులు కాచుకున్నారని తెలిసింది. భిక్షుణుల దగ్గర దీక్ష పూర్తయిన ఆమె తరఫున సమర్థురాలైన మరో భిక్షుణి వెళ్లి భిక్షు సంఘాన్ని అడగవచ్చని అనుమతి వచ్చింది ఆ సందర్భంలోనే. అదుపు వెతకాలంటే ఎనిమిది గరుధమ్మాల్లో (భిక్షుణులకే పెట్టిన ప్రత్యేక నియమాల్లో) వెతకండి: నూరేళ్ల భిక్షుణి కూడా ఆనాడే దీక్ష తీసుకున్న భిక్షువుకు లేచి మొక్కాలన్నది మొదటిది.

దీక్ష చెడేది ఎక్కడంటే, ఎక్కువగా సీమ, అంటే సభ జరిగే చోటి హద్దు దగ్గర. గీసిన హద్దు లోపల ఒక్క భిక్షువు ఉండి, సభకు రాకుండా, తన సమ్మతి పంపకుండా ఉన్నా కర్మ (దీక్ష వంటి సంఘ కార్యం) చెల్లదు. కోరం ఒకరు తగ్గినా అంతే.

కాజీపేట జంక్షన్:

పై వివరణ చదివినంక పరంపర సంగతి అర్థమైతది. అశోకుని బిడ్డ సంఘమిత్ర క్రీ.పూ. 3వ శతాబ్దంల బోధి మొక్కతోటి అనురాధపురం పోయి, రాణి అనులకు, ఆమెతోటి వచ్చినోళ్లకు దీక్ష ఇప్పించింది. సింహళ భిక్షుణీ సంఘం అట్ల నిలబడ్డది. 429ల నంది అనే ఓడ యజమాని ఓడల కొందరు సింహళ భిక్షుణులు ఇప్పటి నాన్జింగ్‌కు చేరిన్రు. అప్పటికి చైనాల సన్యాసినులు ఉన్నరు గని వాళ్లకు దీక్ష ఇచ్చింది ఒక్క భిక్షు సంఘమే. వచ్చినోళ్లతోని కోరం నిండలేదు. 433ల తెస్సర అనే భిక్షుణితోటి ఇంకో గుంపు వచ్చినంక లెక్క సరిపోయింది. సంఘవర్మ అనే భిక్షువు ఆధ్వర్యంల 300 మందికి పైగా మళ్ల దీక్ష తీసుకున్నరు. చైనాల తెగలేదు అన్న అక్క మాట దీని గురించే.

తెగింది సింహళంల. 993ల రాజరాజ చోళుని సైన్యం అనురాధపురాన్ని పట్టుకున్నది. 1070 నాటికి సింహళ రాజు విజయబాహు చోళులను ఎల్లగొట్టేసరికి భిక్షువులకే కోరం లేదు, బర్మా నుంచి పిలిపించుకున్నడు. 1753ల మళ్ల అదే కథ, అప్పుడు సియాం నుంచి ఉపాలి థేరుడు వచ్చిండు. మగవాళ్ల పరంపర తెగినప్పుడల్లా పక్క దేశం నుంచి తెచ్చుకున్నరు. ఆడవాళ్లకు తెచ్చుకునే థేరవాద దేశం మిగల్లేదు. "భిక్షుణీ సంఘాన్ని రద్దు చేసిన్రు" అని మాత్రం రాయకుండ్రి. థాయిలాండ్ సంఘరాజు ఆడవాళ్లకు దీక్ష ఇయ్యొద్దని ఆజ్ఞ తీసింది 1928ల, అది వేరే కాలం, వేరే దేశం.

మళ్ల మొదలైంది మన దేశంలనే: 1996 డిసెంబర్‌ల సారనాథ్‌ల కొరియా సంఘం సాయంతోని శ్రీలంక ఆడవాళ్లు పది మందికి, 1998 ఫిబ్రవరిల బుద్ధగయల తైవాన్ ఫోగువాంగ్‌షాన్ సంఘం ఆధ్వర్యంల ఇంకొందరికి. బుద్ధగయ దీక్ష అయినంక వాళ్లను సారనాథ్ తీసుకపోయి, శ్రీలంక భిక్షువులు థేరవాద పద్ధతిల పాళీల మళ్ల కర్మ జరిపిన్రు. అదే మార్చిల దంబుల్లల ఇనామలువే సుమంగళ థేరుడు 22 మందికి శ్రీలంకలనే ఇప్పించిండు.

నిజామాబాద్ పాఠకుడు:

పునరుద్ధరణ అందరూ ఒప్పుకున్న సంగతి అన్నట్టు రాయొద్దండి. బర్మా, థాయి సంఘాలు అధికారికంగా ఒప్పుకోవు. వాళ్ల వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు: ధర్మగుప్తక భిక్షుణి థేరవాద కర్మలో కోరంగా లెక్కకు రాదు, భిక్షుణులు లేకుండా ద్విసంఘ దీక్ష లేదు. 2009లో ఆస్ట్రేలియా పెర్త్‌లో నలుగురికి దీక్ష ఇప్పించినందుకు థాయి పరంపర భిక్షువు అజాన్ బ్రహ్మను ఆయన గురుపరంపర నుంచే వెలివేశారు.

వినయం చదివేవాడు:

నిజమే, ఆ వైపు వాదన కూడా ఫ్లెక్సీలో ఒక వాక్యం ఉండాలి. అయితే అటు నుంచే వచ్చిన జవాబూ ఉంది. "భిక్షువులు భిక్షుణులకు ఉపసంపద ఇవ్వడానికి అనుమతిస్తున్నాను" అని చుల్లవగ్గంలో బుద్ధుని మాట ఉంది. రెండు సంఘాల నియమం తర్వాత వచ్చినా ఈ అనుమతిని రద్దు చేసిన వాక్యం ఎక్కడా లేదు. భిక్షుణులు లేని కాలంలో ఇది పనికొస్తుందని 1949లోనే బర్మా భిక్షువు మింగున్ జేతవన సయాడో పాళీలో రాశారు. వ్యతిరేకులు దీన్ని తాత్కాలిక అనుమతి అంటారు. గొడవంతా ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగి ఉంది.

హన్మకొండ చదువరి:

మస్తు సాయం చేసిన్రు. టిబెట్ వాళ్ల సంగతి, మన దిక్కు సంగతి కూడ చెప్తే అయిపోతది.

గోదారి ఒడ్డు:

టిబెట్‌ది మూలసర్వాస్తివాద అనే ఇంకో శాఖ వినయం. హిమాలయాలు దాటి భిక్షుణీ సంఘం అక్కడ స్థిరపడలేదు కాబట్టి ఆడవాళ్లు శ్రామణేరి దీక్ష (పూర్తి దీక్షకు ముందుది) దగ్గరే ఆగారు. అదే వినయం పాటించే భూటాన్‌లో 2022 జూన్‌లో అక్కడి ప్రధాన మతగురువు జే ఖెన్పో 144 మందికి పూర్తి దీక్ష ఇచ్చారు.

మన దిక్కు విషయంలో ఆచితూచి రాయండి. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో శాతవాహనుల కాలపు స్తూపం, ముచలింద నాగు చెక్కిన ఫలకాలు ఉన్నాయి. స్తూపం ఉన్నంత మాత్రాన "ఇక్కడ భిక్షుణీ ఆరామం" అని రాయకూడదు. దానికి శాసనంలో పేరు కావాలి. అట్లాంటి పేర్లు కావాలంటే అమరావతికి పోండి. అక్కడి దానశాసనాల్లో రోహ, బుద్ధరక్షిత వంటి భిక్షుణుల పేర్లు నేరుగా చెక్కి ఉన్నాయి, కూతుళ్లతో కలిసి రాళ్లు దానమిచ్చినవాళ్లూ ఉన్నారు. నాగార్జునకొండ చాంతిసిరిని, బోధిసిరిని చాలామంది భిక్షుణుల జాబితాలో కలిపేస్తారు. చాంతిసిరి ఇక్ష్వాకు రాజకుటుంబపు దాత, బోధిసిరి ఉపాసిక.

గోదావరి ఒడ్డున అశ్మక దేశంలో బావరి అనే బ్రాహ్మణ గురువు ఉండేవాడని పాళీ గ్రంథం సుత్తనిపాతం చెబుతుంది. నిర్మల్ జిల్లా బాదనకుర్తి అదేనని మన చరిత్రకారులు అంటారు, కాబట్టి "అంటారు" అనే రాయండి. ఫ్లెక్సీలో జాగా మిగిలితే ఇంకొకటి: వినయ గ్రంథం మహావగ్గం గీసిన మధ్యదేశం (గంగా మైదానం దిక్కు) హద్దులకు మన ప్రాంతం బయట పడుతుంది. అవంతిలో సోణ కుటికణ్ణుని ఉపసంపదకు పదిమంది భిక్షువులు కూడడానికి మూడేళ్లు పట్టింది. ఆ ఇబ్బంది చూశాకే సరిహద్దు దేశాల్లో వినయధరుడితో (వినయం తెలిసిన భిక్షువుతో) కలిపి ఐదుగురు చాలన్నారు. ఆ వినయం ప్రకారం వరంగల్‌లోనూ కోరం ఐదే.