ఒడిశానా, ఒడిషానా?

జయపురం నుంచి ప్రశ్న:
మా తెలుగు సంఘం ఉగాది ఆహ్వానపత్రం ప్రూఫు వచ్చింది. పైన ‘ఒడిషా’ అని, కింద చిరునామాలో ‘ఒరిస్సా’ అని ఉంది. నేను రెండు చోట్లా ‘ఒడిశా’ అని దిద్దాను. మా పెద్దాయన ఒకరు "మనకి ఎప్పుడూ ఒరిస్సాయే కదమ్మా" అన్నారు. ఏది ఉంచాలండీ?

బరంపురం నుంచి జవాబు:
మీరు దిద్దిందే సరైనదమ్మా. ఒడియాలో ఆ పేరు చివర ఉన్నది తాలవ్య శ. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి మనవాళ్ళు ష పెట్టేస్తున్నారు. పక్కింటివాళ్ళ పేరు వాళ్ళ గుమ్మం మీదే చదువుకోవచ్చు కదా! నోటితో మాత్రం వాళ్ళు ‘ఒడిసా’ అంటారు. శ, ష, స మూడూ ఒడియాలో స లాగే పలుకుతాయి.

అసలు చిక్కు మధ్య అక్షరంలో ఉంది. అక్కడ డ కింద చుక్క పెడతారు. మా వీధికి కూరగాయలు తెచ్చే ఆవిడ ఆ పేరు అంటుంటే శ్రద్ధగా విన్నాను. నాలుక పైకి మడిచి ముందుకి ఒక్క దెబ్బ కొడుతుంది. అటు పూర్తిగా డ కాదు, ఇటు ర కాదు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ర అని రాసుకున్నారు, మనం వాళ్ళ రాత చూసి ఒరిస్సా అన్నాం. పాత తెలుగులో మనం అన్నది ఓఢ్ర దేశం, ఒడ్డెవాళ్ళు. అంటే 2011లో పార్లమెంటు రాష్ట్రం పేరు ఒడిశా అని, 96వ రాజ్యాంగ సవరణతో భాష పేరు ఒడియా అని మార్చినప్పుడు, ఆ పేరు మన పాత మాటకే దగ్గరగా వచ్చింది. నాకు ఎంతో సంతోషమైన సంగతి ఇది.

మనకి రాష్ట్ర జెండా లేదు కాబట్టి ఈ మార్పు ఎక్కువగా బండ్ల మీదే కనబడింది. మా వాకిట్లో నాన్నగారి స్కూటర్ ఓఆర్ 07, పక్కనే నా బండి ఓడీ 07.

రాయగడ నుంచి:
జెండా మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. సోవియట్ రిపబ్లిక్కుల ఎర్రజెండా మూలన పేరు రాసి ఉండేది. అజర్‌బైజాన్‌లో 1920లలో అరబిక్ లిపి పోయి లాటిన్, 1940 ప్రాంతంలో అదీ పోయి సిరిలిక్ వచ్చాయి. లిపి మారినప్పుడల్లా జెండా మీద అక్షరాలూ మారాయి. ఉక్రెయిన్‌లో లిపి మారలేదుగానీ, 1937లో అధికారిక పేరులో ‘సోషలిస్టు’, ‘సోవియట్’ అనే మాటలు ముందూ వెనకా అయ్యాయి. దాంతో జెండా మీద పొడి అక్షరాల వరుస తిరగబడింది. చివరికి 1949-54 మధ్య వచ్చిన కొత్త జెండాల్లో పేర్లే తీసేశారు.

జయపురం నుంచి:
మరి మీ ఊరు? బరంపురమా, బ్రహ్మపురా?

బరంపురం నుంచి:
రైల్వే స్టేషన్ పేరు బ్రహ్మపుర్. తెలుగులో రాసేటప్పుడు నేను బరంపురం అనే రాస్తాను. ఒరిస్సా లాగ ఇది ఇంగ్లీషు రాత చూసి తెచ్చుకున్నది కాదమ్మా, మనవాళ్ళ నోట పలికి పలికి నున్నబడ్డ పేరు. పర్లాకిమిడి కూడా అంతే.

జయపురం నుంచి:
ప్రూఫు పంపించేశాను, రెండు చోట్లా ఒడిశాయే. మీ జవాబు పెద్దాయనకి చదివి వినిపించాను. కాసేపు ఆగి, "అవునమ్మా, మా తాత ఒడ్డెవాళ్ళనే అనేవాడు" అన్నారు.